పనంతా మలుపుకు ముందే

హైదరాబాదు గౌలిపురా గల్లీల్లో కారు తిప్పినవాడికి మలుపంటే లెక్క ఉండదు. ఎదురుగా ఆటో, పక్కన కూరగాయల బండి, వెనకనుంచి స్కూటరు హారను. ఆ సందులోంచి అద్దాలు మడిచి, బెత్తెడు జాగాలో బండిని బయటికి తెచ్చినవాడు తనకు డ్రైవింగు పూర్తిగా వచ్చేసిందనే అనుకుంటాడు. మా పెద్దమనవడు అలాంటివాడే. ఈమధ్య కారు కొన్నాడు. పాతబస్తీలో అది రెండో గేరు దాటదు కాబట్టి, ఆదివారం వస్తే చాలు, చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు పట్టాలని తహతహ. “సీదా రోడ్డు మీద మజా ఏముంది తాతా? మలుపులుండాలె” అంటాడు.

నేను కాదనను. ఔటర్ రింగురోడ్డు మీద వంద దాటించడానికి తెలివి అక్కర్లేదు, కాలు బరువుంటే చాలు. మలుపుల దారిలో బండి నడపడం మాత్రం నిజంగా ఒక విద్య. కాకపోతే ఆ విద్యలో ముప్పాతిక భాగం మలుపులో ఉండదు, మలుపుకు ముందే అయిపోతుంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఫిజిక్సు చెప్పినవాణ్ణి, వాణ్ణి లెక్క చెప్పకుండా వదులుతానా?

“గౌలిపురా మలుపు పెద్దదా, శ్రీశైలం ఘాట్ మలుపు పెద్దదా?” అని అడిగా.

“ఘాట్ మలుపే. అందుకే గదా పోతాంది” అన్నాడు.

నిజానికి గల్లీ మలుపే బిగుతు. అయిదు మీటర్ల వ్యాసార్థంలో బండి మొత్తం తిరిగిపోవాలి. ఘాట్‌లో అన్నిటికన్నా గట్టి హెయిర్‌పిన్ బెండుకు కూడా పద్నాలుగు, పదిహేను మీటర్లు ఉంటుంది. మరి గల్లీలో ఎవరూ బోర్లా పడరు, ఘాట్‌లో పడతారు. ఎందుకంటే గల్లీలో మనం ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోతాం. అక్కడ మలుపు ఉన్నదన్న సంగతే బండికి తెలియదు.

కదిలే వస్తువు తనంతట తాను తిన్నగానే పోతుంది, ఎవరో ఒకరు పక్కకు నెడితే తప్ప ఒంగదు. న్యూటన్ 1687లో రాసిపెట్టిన మాట ఇది. అయితే మలుపులో కారును లోపలికి నెట్టేది ఎవరు? స్టీరింగు కాదు, అది చక్రాల ముఖం తిప్పుతుందంతే. ఇంజనూ కాదు, అది ముందుకే తోస్తుంది. నెట్టేది రోడ్డు. రోడ్డుకూ టైరుకూ మధ్య ఉన్న ఘర్షణ. ఒక్కో టైరు రోడ్డును తాకే జాగా మన అరచేయంత ఉంటుంది. నాలుగు టైర్లు, నాలుగు అరచేతులు. టన్ను బరువున్న కారూ అందులో కూచున్న సంసారమూ ఆ నాలుగు అరచేతుల మీద ఆధారపడి మలుపు తిరుగుతున్నాయి. కొండ అంచున పోతున్నప్పుడు ఈ మాట గుర్తుంటే చాలు, కాలు దానంతటదే పైకి లేస్తుంది.

మలుపులో కూచున్నవాళ్ళు డోరు మీద పడతారే, అప్పుడు ఎవరో బయటికి లాగినట్టు అనిపిస్తుంది. బళ్ళో దానికి అపకేంద్ర బలం అని పేరు పెట్టి చెప్పాం. రోడ్డు పక్కన నిలబడి చూసేవాడికి మాత్రం అలాంటి బలమేదీ కనబడదు. మీ ఒళ్ళు తిన్నగా పోదామని చూస్తున్నది, కారు ఒంగి వచ్చి తన డోరుతో మిమ్మల్ని లోపలికి నెడుతున్నది. లాగేవాడు ఎవడూ లేడు.

ఇక లెక్క. లోపలికి ఎంత బలం కావాలన్నది బండి ద్రవ్యరాశిని వేగంతో రెండుసార్లు గుణించి, వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. పదిహేను మీటర్ల మలుపు తీసుకోండి. గంటకు 20 కిలోమీటర్లలో పోతే బండి బరువులో అయిదో వంతు బలం చాలు. అదే మలుపులో 40లో పోతే? రెట్టింపు కాదు, నాలుగింతలు. బండి బరువులో నూటికి 84 వంతుల బలం కావాలి. మంచి టైర్లు పొడి తారు రోడ్డు మీద బండి బరువులో డెబ్భై, ఎనభై వంతుల దాకా పట్టు ఇస్తాయి. వాన పడితే అది నలభై, యాభైకి దిగుతుంది. అంటే 20లో హాయిగా తిరిగిన మలుపు 40లో ఎండాకాలమే అనుమానం, వానాకాలంలో ఆశ వదులుకోవలసిందే. ఎనిమిది కిలోమీటర్ల గల్లీ మలుపుకు కావలసింది బరువులో పదోవంతు మాత్రమే. మావాడి గౌలిపురా విద్య ఘాట్‌లో ఎందుకు పనికిరాదో ఇక్కడ తేలిపోయింది.

“అయితే రోడ్డు వేసినోళ్ళకు ఇది తెల్వదా?” అన్నాడు వాడు.

తెలుసు నాయనా, నీకన్నా బాగా తెలుసు. మన దేశంలో రోడ్ల కొలతలకు 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాలు రాస్తుంది. వాళ్ళు మలుపు లెక్క కట్టేటప్పుడు టైరు పట్టును ఎనభై వంతులుగా తీసుకోరు, పదిహేను వంతులే తీసుకుంటారు. అరిగిన టైర్లు, తడి రోడ్డు, నిద్రమొహం డ్రైవరు, పైన మూటలు, అందరినీ కలుపుకుని. ఆపైన మలుపులో రోడ్డు బయటి అంచును కాస్త ఎత్తుతారు. బండి బరువే లోపలికి ఒరిగి కొంత సాయం చేస్తుంది. కొండ రోడ్లలో ఆ వాలు మీటరు వెడల్పుకు పది సెంటీమీటర్లు మించనివ్వరు. ఇంకా ఎత్తితే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ అదే మలుపులో పత్తి బోరాలు నిండుగా వేసుకున్న లారీ నడక వేగంతో ఎక్కుతుంది. వాలు మరీ ఎక్కువైతే అది లోపలి పక్కకే ఒరిగిపోతుంది. ఆ పదిహేనూ ఈ పదీ కలిపి గంటకు 20 కిలోమీటర్లకు లెక్క కడితే వ్యాసార్థం పన్నెండున్నర మీటర్ల పైచిలుకు వస్తుంది. పుస్తకంలో కనీసం 14 అని రాశారు. కనుక మలుపు దగ్గర బోర్డు మీద 20 అని ఉంటే అది పోలీసు చాదస్తం కాదు, ఆ మలుపు పుట్టిన లెక్క.

వాలును పూర్తిగా నిలువు చేస్తే ఏమవుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. నాంపల్లి నుమాయిష్‌లో మౌత్ కా కువా. చెక్కలతో కట్టిన బావి గోడ మీద మోటారు సైకిళ్ళు, కార్లు గుండ్రంగా తిరుగుతాయి. 1938లో మొదలైన నుమాయిష్‌లో నాకు ఇప్పటికీ టిక్కెట్టు కొని చూడాలనిపించేది అదొక్కటే. అక్కడ గోడే రోడ్డు. బండి గోడను ఎంత గట్టిగా అదిమితే గోడ అంత గట్టిగా పట్టుకుంటుంది, ఆ పట్టే బండిని కిందికి జారనివ్వదు. అయిదు మీటర్ల వ్యాసార్థం అనుకుని లెక్క వేస్తే 28 కిలోమీటర్ల వేగం చాలు. చూసేవాళ్ళం అది ఎనభై, తొంభై అనుకుంటాం. గోడ మీద తిరిగేవాడికి వేగం ప్రాణం, తగ్గితే పడతాడు. ఘాట్‌లో వాడి లెక్క సరిగ్గా తిరగబడుతుంది. మా మనవడు కువా చూసి ఘాట్‌కు పోతానంటాడని నా భయం.

ఇప్పుడు అసలు కిటుకు. టైరుకున్న పట్టు నీ జేబులో ఉన్న ఒక్క రూపాయి అనుకో. మలుపు తిరగడానికి అందులోంచే ఇవ్వాలి, బ్రేకు వేయడానికీ అందులోంచే ఇవ్వాలి, ఎక్సలేటరు తొక్కడానికీ అందులోంచే. మలుపు మధ్యకు వెళ్ళాక ‘అమ్మో, స్పీడు ఎక్కువైంది’ అని గట్టిగా బ్రేకు తొక్కావనుకో, రూపాయంతా బ్రేకు తీసుకుంటుంది. తిరగడానికి ఏమీ మిగలదు. స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగా పోతుంది. ఘాట్‌లో తిన్నగా అంటే లోయలోకి. ఇప్పటి కార్లలో ఏబీఎస్ వచ్చింది, చక్రాలు పూర్తిగా బిగుసుకోకుండా చూస్తుంది. అయినా ఉన్న రూపాయిని రెండు చేయడం దానికీ చేతకాదు.

అందుకే నడపడం వచ్చినవాళ్ళు తిన్నటి రోడ్డు మీద ఉండగానే బ్రేకు వేస్తారు. తిన్నగా ఉండగానే గేరు దించుతారు. మలుపు మొదలయ్యే చోటుకు బండి సరైన వేగంలో, సరైన గేరులో చేరుతుంది. ఆ తర్వాత చేయవలసింది స్టీరింగును నెమ్మదిగా తిప్పి, కాలును అలాగే ఉంచి, మలుపు విచ్చుకునే కొద్దీ మెల్లగా ఎక్సలేటరు ఇవ్వడమే. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ పందెం జరిగింది కదా, మూడు కిలోమీటర్లు కూడా లేని దారిలో పద్దెనిమిది మలుపులు. ఆ పందెంలో నెగ్గిన జాన్ ఎరిక్ వెర్న్ అయినా చివరివాడయినా పాటించింది ఇదే. గట్టి బ్రేకు ముందే, మలుపులోకి పోయేకొద్దీ బ్రేకు వదలడమే. అయితే ఆ పందెగాళ్ళకు రోడ్డంతా తమదే. బయటి అంచున మొదలుపెట్టి, లోపలి అంచును రాసుకుని, మళ్ళీ బయటికి పోతారు. అలా చేస్తే మలుపు వ్యాసార్థం పెరిగినట్టవుతుంది. శ్రీశైలం రోడ్డు మీద అది చేయాలనిపిస్తే ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సును ఒక్కసారి తలుచుకోవాలి. మన సగంలోనే మన గీత.

బస్సు మాట వచ్చింది కనుక చెబుతా. ఏ బండి తిరిగినా వెనక చక్రాలు ముందు చక్రాల బాటలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి. ఎంత లోపలికి అనేది ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఉన్న దూరం మీద ఆధారపడుతుంది. పదిహేను మీటర్ల మలుపులో మన కారు వెనక చక్రం జానెడు లోపలికి వస్తుంది. బస్సుకు ఆ దూరం ఆరు మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి వెనక చక్రం మీటరుకు పైగా లోపలికి వస్తుంది. అందుకని బస్సు డ్రైవరు హెయిర్‌పిన్‌లో ముందు బయటికి పోయి తర్వాత తిప్పుతాడు. వెనకున్న కుర్రాడికి ‘దారి ఇచ్చాడు’ అనిపించి లోపలి సందులో దూరతాడు. ఆ సందు బస్సు వెనక చక్రానిది. మలుపుల్లో రోడ్డును మామూలు కన్నా వెడల్పుగా వేసేదీ దీనికోసమే, ఓవర్‌టేక్ చేసుకోమని కాదు.

మా ఇంటి నుంచి శ్రీశైలం దారి పోయే తీరు కూడా చెప్పాలి. శాలిబండ, అలియాబాద్, చాంద్రాయణగుట్ట, కేశవగిరి, పహాడీ షరీఫ్, తుక్కుగూడ. అక్కడికి ఊరు వదులుతుంది. కడ్తాల్, ఆమనగల్లు మీదుగా రోడ్డు దాదాపు తిన్నగా పోతుంది. డిండి జలాశయం కనబడేదాకా కళ్ళకు పెద్దగా పనుండదు. అటూ ఇటూ మన హైదరాబాదు గుండురాళ్ళ చుట్టాలే, గ్రానైటు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నేల మారిపోతుంది. అక్కడినుంచి అమ్రాబాద్ పులుల అడవి, నల్లమల. గ్రానైటు పోయి పొరలు పొరలుగా పేర్చిన గట్టి రాళ్ళు వస్తాయి. నూరుకోట్ల ఏళ్ళకు పూర్వం నీళ్ళ అడుగున పేరుకున్న ఇసుక అది, బిగిసి రాయయింది. ఫర్హాబాద్ పక్కన నిజాం కాలంనాటి వేట బంగళా ఆనవాళ్ళున్నాయి. వటవర్లపల్లి దాటాక దోమలపెంట, ఈగలపెంట, అక్కడినుంచి ఘాట్ దిగడం. ఒక్కో మలుపు తిరిగినప్పుడల్లా కృష్ణ లోయ ఒకసారి కుడి అద్దంలో, ఒకసారి ఎడమ అద్దంలో పడుతుంది. ఆనకట్ట కింద వంతెన దాటి లింగాలగట్టు మీదుగా మళ్ళీ ఎక్కుడు. ఇంత చిక్కటి అడవిలో ఇన్ని మలుపుల రోడ్డు మన ఊరికి ఒక పూట దూరంలో మరొకటి లేదని నా పక్షపాతం. వికారాబాద్ అనంతగిరి దగ్గరే, మన మూసీ పుట్టిల్లు కూడా, కానీ అక్కడ మలుపులు చేతి వేళ్ళకు సరిపోతాయి.

అసలు రోడ్డు ఎందుకు ఒంకర్లు పోవాలి? తిన్నగా పైకి వేస్తే దగ్గర కదా అని చిన్న మనవరాలి సందేహం. ఎక్కుడు మరీ నిట్రంగా ఉంటే లారీ ఎక్కలేదు, దిగేది ఆగలేదు. కొండల్లో మామూలుగా ఇరవై మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కేటట్టు వేయాలని నియమం. మూడొందల మీటర్ల ఎత్తు ఎక్కాలంటే ఆరు కిలోమీటర్ల రోడ్డు కావాలి. కొండ వాలు మీద ఎదురుగా అంత పొడుగు జాగా దొరకదు, అందుకని మడతలు పెట్టి పరుస్తారు. మడత పడే చోట మాత్రం రోడ్డు దాదాపు చదునుగా ఉండాలి, నలభై మీటర్లకు ఒక మీటరు కన్నా ఎక్కువ లేపకూడదు. తిరగడమూ ఎక్కడమూ ఒకేసారి చేయమంటే టైరు రూపాయి చాలదుగా. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు, రెండోది 1974లో. ఆ మొదటి రోడ్డు ఊహకు రూపం ఇచ్చినవారిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు చెబుతారు. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు వచ్చి, గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టమని చెప్పిన ఆయనే. పాతబస్తీవాళ్ళం ఆయనకు రెండు విధాల బాకీ.

మలుపు అవతల ఏముందో కనబడదు కదా, వేగం ఎంత తగ్గించాలో ముందే ఎలా తెలుస్తుంది? దీనికి మంచి ఉపాయం ఉంది. దూరంగా చూస్తే రోడ్డు కుడి అంచూ ఎడమ అంచూ ఒకచోట కలిసినట్టు కనబడతాయి. ఆ కలిసిన చోటు మీదనే కన్ను పెట్టాలి. నువ్వు ముందుకు పోతుంటే అదీ నీతోపాటు ముందుకు జరుగుతున్నదంటే మలుపు విచ్చుకుంటున్నట్టు, ఇంక కాలు వేయొచ్చు. జరగకుండా నిలబడిపోయి నీ మీదికి వస్తున్నదంటే మలుపు ఇంకా బిగుసుకుంటుంది, తగ్గించు. ఎదురుగా ఏదో కనబడి, అది ఏమిటో తెలిసి, కాలు బ్రేకు మీద పడి, అది పట్టుకునే సరికి రెండున్నర సెకన్లు పడుతుందని రోడ్లవాళ్ళు లెక్కేస్తారు. 40లో పోయేవాడు ఆ రెండున్నర సెకన్లలో ఇరవై ఎనిమిది మీటర్లు పోతాడు, ఇంకా బ్రేకు పడకముందే. హెయిర్‌పిన్‌లో అంత దూరం కనబడనే కనబడదు. కొన్నిచోట్ల ఉబ్బెత్తు అద్దం పెడతారు. అందులో బండి చిన్నగా కనబడి దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ అద్దం ‘ఉంది’ అని చెప్పగలదు, ‘ఎంత దూరం’ అని చెప్పలేదు. అందుకే హారను కొట్టాలి. పాతబస్తీలో అర్థం లేకుండా కొట్టే హారనుకు అర్థం ఉన్న ఒకే ఒక చోటు కొండ మలుపు. కొట్టి ఊరుకోకూడదు, కిటికీ అద్దం దించి అవతలి హారను వినాలి కూడా. పాటలు కట్టేయాలని వేరే చెప్పాలా?

దిగేటప్పటి కథ వేరు. బండి ఎత్తు మీద ఉన్నదంటే అంత శక్తిని దాచుకుని ఉన్నదన్నమాట. మనుషులతో కలిపి పదమూడు వందల కిలోల కారు మూడొందల మీటర్లు దిగిందనుకుందాం. ఆ శక్తి దాదాపు ఒక యూనిట్ కరెంటు. మీటరు బిల్లులో చిన్నదే, కానీ అది పన్నెండు లీటర్ల నీళ్ళను మరిగించే వేడి. కాలు బ్రేకు మీదే పెట్టి దిగితే దాదాపు ఆ వేడంతా చక్రాల దగ్గరి డిస్కుల్లో, డ్రమ్ముల్లో పుడుతుంది. అక్కడే ఉన్న బ్రేకు ఆయిల్ వేడెక్కుతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. అది గాలిలోని తేమను పీలుస్తుంది, ఏళ్ళు గడిచి తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే బుడగలొస్తాయి. ద్రవాన్ని నొక్కితే అది నలగదు, ఆ నొక్కుడును అవతలికి అందిస్తుంది. బుడగ నలుగుతుంది. పెడల్ నేలదాకా పోతుంది, చక్రానికి ఏమీ అందదు. ఘాట్‌లో బ్రేకులు పోయాయని విన్నప్పుడు చాలాసార్లు తెగిందీ విరిగిందీ ఏమీ ఉండదు, కాగిందంతే.

అందుకని ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులో దిగు అంటారు పాత డ్రైవర్లు. చిన్న గేరులో బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది, వేడి రేడియేటరు, సైలెన్సరు పట్టుకుని పోతుంది. బ్రేకు అప్పుడప్పుడు గట్టిగా వేసి వదిలేయాలి, చల్లారనివ్వాలి. ఇంకో రకం మేధావులున్నారు, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగుతారు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి ఎక్సలేటరు మీంచి కాలు తీస్తే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు కాలుస్తూనే ఉంటుంది. అంటే మిగుల్చుకోబోయి ఖర్చు చేయడం, పైగా ఇంజను పట్టు పోగొట్టుకోవడం. తాళం తిప్పి ఇంజనే ఆపేసేవాళ్ళ గురించి నేను మాట్లాడను. బ్రేకుకు సాయం చేసే బలమూ ఇంజనుతోపాటే పోతుందని, స్టీరింగు లాక్ పడవచ్చని తెలిసీ చేస్తే వాళ్ళతో మాటలెందుకు? కరెంటు కార్లవాళ్ళకు మాత్రం ఇక్కడ సుఖం, దిగేటప్పుడు మోటారు జనరేటరై ఆ యూనిట్లో కొంత బ్యాటరీకి తిరిగి పంపుతుంది. సన్నటి చోట ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలని మన చట్టంలోనే ఉంది. ఎక్కేవాడు ఆగితే మళ్ళీ కదిలించడం కష్టం కాబట్టి. ఎంతమంది పాటిస్తున్నారో ఆదివారం సాయంత్రం లింగాలగట్టు దగ్గర నిలబడి చూడొచ్చు.

చిన్నది ఇంతసేపూ విని, “నేనైతే రాను. నాకు వాంతులైతయి” అంది.

దాని బాధ కూడా ఫిజిక్సే. మన చెవి లోపల మూడు అర్ధవృత్తాకార నాళాలున్నాయి, వాటినిండా ద్రవం. తల తిరిగినప్పుడు నాళం వెంటనే తిరుగుతుంది, లోపలి ద్రవం ఒక క్షణం వెనకబడుతుంది. ఆ తేడాను బట్టి ‘తిరుగుతున్నాం’ అని మెదడుకు కబురు పోతుంది. వెనక సీట్లో తల వంచి ఫోను చూస్తుంటే కన్ను ‘కదలడం లేదు’ అంటుంది, చెవి ‘గిరగిరా తిరుగుతున్నాం’ అంటుంది. ఈ తగాదా తెగక కడుపు తిప్పుతుంది. ముందు సీట్లో కూచుని దూరంగా రోడ్డు వంక చూస్తే కన్నూ చెవీ ఒకే మాట మీదికి వస్తాయి. నడిపేవాడికి వాంతులు రావడం బహు అరుదు, ఏ మలుపు ఎప్పుడు వస్తుందో వాడి ఒంటికి ముందే తెలుసు కనుక. ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్ళు వేస్తాయి, అది మరో సంగతి. మూడొందల మీటర్లకు గాలి ఒత్తిడి నూటికి మూడు, మూడున్నర వంతులు మారుతుంది. గుటక వేస్తేనో ఆవలిస్తేనో గొంతుకూ చెవికీ మధ్య ఉన్న గొట్టం తెరుచుకుని సర్దుకుంటుంది. కాస్త చింతపండు చప్పరించమనేవారు మా అమ్మమ్మ. గుటకలు పడతాయి కదా, సరిపోయేది.

చిన్నదానికి వాంతి వచ్చిందంటే తప్పు దానిదే అనుకోకూడదు. ముందు డ్రైవరు కాళ్ళను అనుమానించాలి. బ్రేకు, ఎక్సలేటరు, బ్రేకు, ఎక్సలేటరు అని కుదిపేవాడి బండిలో ఎవరికైనా తిప్పుతుంది.

అడవి మాట ఒకటి మిగిలింది. మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తెరుస్తారు. రాత్రి రోడ్డు పులులది, చిరుతలది, దుప్పులది. పగలు కూడా అడవిలో బండి ముప్పై దాటించవద్దని బోర్డులున్నాయి. లెక్క మళ్ళీ అదే, బ్రేకు పడ్డాక 60లో పోయే బండి ఆగడానికి 30లో పోయేదానికన్నా నాలుగింతల దూరం కావాలి. దుప్పి రోడ్డు దాటే ముందు హారను కొట్టదు. కోతులకు అరటిపళ్ళు విసిరే పుణ్యాత్ములు వాటిని రోడ్డు మీదికి అలవాటు చేసి, వెనక వచ్చే లారీకి అప్పగించి పోతున్నారు.

ఇంతా చెప్పాక మావాడు తాళాలు తీసుకుని లేచాడు, “అయితే రేపే పోదాం తాతా” అంటూ.

“రేపు పోదాం, కారులో కాదు. ఇమ్లీబన్ బస్టాండులో పొద్దున్నే శ్రీశైలం బస్సు ఎక్కుదాం. డ్రైవరుకు దగ్గరగా ముందు సీటు దొరికేదాకా ఎన్ని బస్సులైనా వదిలేద్దాం. దోమలపెంట దాటినంక లోయ వంక చూడకు, ఆయన ఎడమచేయి చూడు. గేరు ఎక్కడ మారుస్తున్నాడో, కాలు బ్రేకు మీంచి ఎక్కడ తీస్తున్నాడో చూడు. పది టన్నుల పైన బండి, యాభై మంది జనం, ఎప్పుడూ పోయే దారి. నీకు మలుపు కనబడకముందే ఆయన పని అయిపోయి ఉంటది.”

“బస్సులనా?” అన్నాడు మొహం వేలాడేసి.

“నేను కిటికీ దగ్గర!” అంది చిన్నది. వద్దన్నా. ముందు సీటే, దూరంగా రోడ్డు వంక చూస్తూ, ఫోను ఇంట్లో పెట్టి.